జైల్లో ‘వ్యక్తిత్వ వికాసం’ క్లాసు చెప్పమన్నారు, ఏం చెప్పాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు కాలేజీల్లో, కంపెనీల్లో సాఫ్ట్ స్కిల్స్ చెప్తారు. మీ సంస్థకి ఒక జిల్లా జైల్లో వారానికో గంట చొప్పున ఎనిమిది వారాలు క్లాసులు పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. ‘తమను తాము తెలుసుకోవడం, వ్యక్తిగత ఎదుగుదల’ అని అంశం కూడా కాగితం మీద రాసిచ్చారు. మీ దగ్గరున్న స్లైడ్లు అక్కడ పనికొస్తాయా, వాళ్ళు వింటారా, విన్నా మారతారా, మొదటి రోజు ఏం పట్టుకెళ్ళాలి అని నాలుగు ప్రశ్నలు వేశారు. లోపలికి వెళ్ళాలంటే భయంగా ఉందని చివర్లో చిన్నగా రాశారు.

ముందు నేనెవరో చెప్పాలి కదా. జడ్పీ హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత పదకొండేళ్ళుగా ఒక సెంట్రల్ జైలుకి, మధ్యలో మూడేళ్ళు ఒక మహిళా జైలుకి వారం వారం వెళ్తున్నాను. సైకాలజీ చదవలేదు. మీరు మా చిన్నబ్బాయి కంటే చిన్నవారిలా ఉన్నారు కాబట్టి కాస్త చనువుగానే రాస్తాను, ఏమీ అనుకోకండి.

సూటి జవాబు: స్లైడ్లు ఇంట్లో పెట్టేయండి. ఎనిమిది వారాల్లో ఒక్క పని నేర్పితే చాలు. ఈ వారం బ్యారక్‌లో జరిగిన ఒక చిన్న గొడవని నిదానంగా వెనక్కి తిప్పి, చెయ్యి లేచే ముందు తన ఒంట్లో, మనసులో ఏం జరిగిందో తన మాటల్లో చెప్పగలగడం. ఇది ఎవరైనా నేర్చుకోగలరు. అక్షరం ముక్క రానివాళ్ళు ఇంకా తొందరగా నేర్చుకుంటారు. వింటారా అంటే, ఉపన్యాసం వినరు, అడిగితే చెప్తారు. మారతారా అన్నది పెద్ద లెక్క, దాని సంగతి కింద రాస్తాను.

స్లైడ్ల మీద నాకేం పగ లేదు. నేనూ మొదట్లో చార్టులు పట్టుకుపోయినదాన్నే. ‘నీ జీవితానికి నువ్వే డ్రైవర్’ అని రంగుపెన్నులతో రాసుకెళ్ళాను. ఎదురుగా కూర్చున్నవాడికి పొద్దున తలుపు తీసేది వేరేవాళ్ళు, మూసేది వేరేవాళ్ళు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు లెక్కకి వరసలో కూర్చోవాలో, ఫోను ఎన్ని నిమిషాలు మాట్లాడాలో అన్నీ వేరేవాళ్ళే చెప్తారు. అలాంటివాడికి స్టీరింగు నీ చేతిలోనే ఉందని చెప్పడం వెక్కిరింపులా ఉంటుంది. ఆ రోజే ఇంకో తెలివితక్కువ ప్రశ్న వేశాను: “ఐదేళ్ళ తర్వాత మీరు ఎక్కడుండాలనుకుంటున్నారు?” వెనక వరసలోంచి ఒకాయన లేచి, చాలా మర్యాదగా, “జడ్జిగారిని అడిగి చెప్తాను టీచరమ్మా” అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ చార్టు మళ్ళీ పట్టుకెళ్ళలేదు.

ఎదురుగా ఎవరు కూర్చుంటారో కూడా ముందే తెలుసుకోండి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి దాదాపు 76 మందికి ఇంకా శిక్ష పడలేదు. జిల్లా జైలంటే చాలావరకు రిమాండువాళ్ళే. దీనివల్ల మీకు రెండు చిక్కులు.

ఒకటి, మనుషులు నిలవరు. మొదటి వారం ఇరవై ఐదుమంది కూర్చుంటే నాలుగో వారానికి అందులో పదిమంది మిగిలితే గొప్ప. ఒకరికి బెయిలొస్తుంది, ఒకరిని వేరే జైలుకి పంపుతారు, ఒకరికి ఆ రోజే వాయిదా, ఇంకొకరికి సరిగ్గా ఆ గంటకే ములాఖత్, అంటే ఇంటివాళ్ళు చూడ్డానికి రావడం. కాబట్టి ‘పోయిన వారం చెప్పుకున్నాం కదా’ అని మొదలుపెట్టే పాఠం అక్కడ నడవదు. ఏ పూట వంట ఆ పూటే. గంటలో మొదలై గంటలో అయిపోవాలి. ఒక్కసారే వచ్చి వెళ్ళిపోయినవాడి చేతిలో కూడా ఏదో ఒకటి మిగలాలి.

రెండోది ఇంకా ముఖ్యం. ఏం చేసి వచ్చావని అడగకండి. చెప్పబోయినా ఆపండి. మంచి ఉద్దేశంతో వచ్చే వలంటీర్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ‘నీ తప్పు ఒప్పుకో, మనసు తేలికపడుతుంది’ అంటారు. అతని కేసు ఇంకా కోర్టులో ఉంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెప్తోంది. పోలీసులే చేయకూడని పని మీరు ప్రేమగా చేయిస్తారన్నమాట. పక్కన ముప్పైమంది వింటుంటారు, తలుపు దగ్గర వార్డర్ ఉంటాడు, కాగితం మీద రాయిస్తే అది ఎవరి చేతికి పోతుందో తెలియదు. నేను మొదటి నిమిషంలోనే చెప్పేస్తాను: “ఇక్కడ కేసు మాట్లాడుకోం. మీరు తప్పు చేశారో లేదో నాకు తెలీదు, తెలుసుకోను కూడా. లోపలికి వచ్చాక జరిగినవే మాట్లాడుకుందాం.” ఈ ఒక్క మాటతో హాల్లో భుజాలు కిందికి దిగడం మీకే కనపడుతుంది. శిక్ష పడ్డవాళ్ళకైనా అప్పీలు ఉండొచ్చు, వాళ్ళకీ ఇదే మాట.

ఇక క్లాసు ఎలా నడుస్తుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను.

మన వైపు జైళ్ళలో ఆదివారం కోడికూర పెడతారు. అందుకే సోమవారం క్లాసంటే నాకిష్టం, గొడవ తాజాగా ఉంటుంది. ఒక సోమవారం పాతికేళ్ళ కుర్రాడు, బయట ఆటో నడిపేవాడు, పెదవి వాచిపోయి వచ్చాడు. ఏమైందంటే “కోపమొచ్చింది, కొట్టాను, వాడూ కొట్టాడు” అన్నాడు. కథ మూడు ముక్కల్లో అయిపోయింది. మామూలుగా అందరూ ఇక్కడే ఆపి ‘కోపాన్ని అదుపులో పెట్టుకోవాలి నాయనా’ అంటారు. అదుపులో పెట్టుకోవాలని వాడికి తెలియదా?

నేను వెనక్కి తిప్పమన్నాను. “కొట్టడానికి ముందు చేతిలో ఏముంది?” పళ్ళెం. “పళ్ళెంలో?” పులుసు. “ముక్కలు?” లేవు. “నీ ముందువాడికి?” రెండు పడ్డాయి. “ముక్క పడలేదని చూసినప్పుడు ఒంట్లో ముందు ఎక్కడ తెలిసింది?” దీనికి చాలాసేపు ఆలోచించాడు. చెవులు వేడెక్కాయన్నాడు. “చెవులు వేడెక్కినప్పుడు మనసులో ఏ మాట వచ్చింది?” మళ్ళీ ఆలోచన. అప్పుడు చెప్పాడు: “నన్ను చూసి నవ్వుతున్నారు అనుకున్నా.” “నవ్వారా?” “వెనక ఎవరో నవ్వారు. నా గురించేనో కాదో తెలీదు.”

అంటే ముక్క గొడవ కాదు, కూర పోసినవాడి గొడవా కాదు. వెనక ఎవరిదో ఒక నవ్వు. ఆ నవ్వుకీ చెయ్యి లేవడానికీ మధ్య ఎంతసేపు పట్టిందని అడిగితే, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, “పళ్ళెం కింద పెట్టాను కదా, అంత” అన్నాడు. హాల్లో ఎవరో అన్నారు: “అంటే నీకు పళ్ళెం కింద పెట్టేంత టైముంది రా!” ఆ మాట నేను చెప్పి ఉంటే నీతి బోధ అయ్యేది. పక్కవాడు చెప్పాడు కాబట్టి వాడు తల గోక్కున్నాడు.

నాకున్న పద్ధతంతా ఇంతే. నాలుగు ప్రశ్నలు: ఎక్కడున్నావు, ఒంట్లో ఎక్కడ తెలిసింది, మనసులో ఏ మాట పలికింది, చెయ్యి ఏం చేసింది. ఇదే వరసలో అడగాలి. ‘ఎందుకు చేశావు’ అని మాత్రం అడగొద్దు. ‘ఎందుకు’ అనేది పోలీసు ప్రశ్న, లాయరు ప్రశ్న, ఇంట్లో పెళ్ళాం ప్రశ్న. దానికి వాళ్ళ దగ్గర అరిగిపోయిన జవాబులుంటాయి. ‘చెవులు వేడెక్కాయా, గొంతు పట్టేసిందా’ అంటే రెడీమేడ్ జవాబు ఉండదు, నిజంగానే వెతుక్కోవాలి. అవతలివాడు ఏమనుకుని ఉంటాడన్న ఐదో ప్రశ్న నేను అడుగుతాను కానీ, ఆ మనిషి నాలుగైదుసార్లు వచ్చాకే. ముందే అడిగితే అవతలివాడి పక్షం వహించారనుకుంటారు.

మీకు తెలిసిన ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి పెద్ద పేర్లే ఉంటాయి. ఆలోచన, భావం, చేసే పని, ఈ మూడింటి మధ్య ముడి విప్పే చికిత్సని విదేశాల జైళ్ళలో చాలా ఏళ్ళుగా వాడుతున్నారు. అన్ని రకాల కార్యక్రమాల్లో కాస్త నమ్మదగిన ఫలితం కనపడినవాటిలో అది ఒకటి. అదే సమయంలో, అమెరికాలో చిన్నవయసు కుర్రాళ్ళని జైలుకి తీసుకెళ్ళి ఖైదీల చేత భయపెట్టించే కార్యక్రమాలు నడిపారు. వాటిని తర్వాత జాగ్రత్తగా లెక్కేసి చూస్తే ఆ పిల్లలు నేరాల వైపు వెళ్ళడం తగ్గకపోగా పెరిగింది. కాబట్టి గొంతు పెంచి ‘మీ అమ్మ ఎంత ఏడుస్తుందో తెలుసా’ టైపు క్లాసు మీకు రాకపోతే బాధపడకండి.

ఇప్పుడు నా సొంత సరుకు. నేను తెలుగు పంతులమ్మని కదా, నాకు పనికొచ్చింది సైకాలజీ కాదు, పదాలు. ఏం జరిగినా అందరూ ‘కోపమొచ్చింది’ అనే అంటారు. మగాడికి జైల్లో చెప్పుకోదగ్గ భావం అదొక్కటే. నేను బోర్డు మీద కోపం అని రాసి, చుట్టూ రాస్తూ పోతాను: రోషం, ఉక్రోషం, చిరాకు, విసుగు, కసి, అలక, కుళ్ళు, అవమానం, సిగ్గు, భయం, బెంగ, దిగులు. రోషానికీ ఉక్రోషానికీ తేడా ఏమిటని అడిగితే అరగంట నడుస్తుంది. ఒక ముసలాయన చెప్పిన తేడా ఏ నిఘంటువులోనూ చూడలేదు: “రోషమొస్తే ఎదటోణ్ణి కొడతాం. ఉక్రోషమొస్తే మన చొక్కా మనమే చింపుకుంటాం.”

తర్వాత, పోయిన వారం వచ్చింది వీటిలో ఏదో చూపించమంటాను. చదువు రానివాళ్ళ కోసం ఒక్కో పదానికి ఒక్కో ఉదాహరణ పైకి చెప్పుకుంటాం. జీవిత ఖైదు పడ్డ ఒకాయన ఉండేవాడు, యాభై దాటినాయన. బ్యారక్‌లో ఆయనంటే హడల్. రెండు నెలలు ఏమీ మాట్లాడలేదు. ఒక రోజు లేచి వచ్చి బోర్డు మీద ‘బెంగ’ మీద వేలు పెట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు, పక్క పదానికి వెళ్ళిపోయాను. రెండు వారాలకి ఆయనే చెప్పాడు: ములాఖత్‌కి ఎవరూ రాని శనివారాల్లోనే తను ఎవరో ఒకరి మీద విరుచుకుపడుతున్నాడట. ఎన్నో ఏళ్ళుగా అందరూ, ఆయనతో సహా, అది కోపమనే అనుకున్నారు. పేరు మారాక ఆయన చేసిన పని చాలా చిన్నది. ఆ శనివారాలు మధ్యాహ్నం తోటపనికి వెళ్తానని అడిగి వేయించుకున్నాడు. ఎదుగుదల అంటే ఏమిటని నన్నడిగితే ఇంతకంటే పెద్దది చూపించలేను.

ఒక హెచ్చరిక. నేను చేసిన తప్పు మీరు చేయకండి. రెండో ఏడు అనుకుంటా, ‘మీ చిన్నప్పటి ఒక మంచి జ్ఞాపకం చెప్పండి’ అన్నాను. మంచిదే కదా అనుకున్నాను. ఒక కుర్రాడు మొదలుపెట్టాడు, మధ్యలో అది మంచి జ్ఞాపకం దగ్గర ఆగకుండా వేరే దానిలోకి పోయింది, ఏడ్చాడు. అప్పటికి నాలుగున్నర. ఐదు దాటితే లాకప్. గంట కొట్టారు, అందరూ లేచారు, వాడు కళ్ళు తుడుచుకుని వరసలో నిలబడ్డాడు. నేను ఆటో ఎక్కి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. వాడు తెల్లారేదాకా యాభైమంది మధ్య ఆ జ్ఞాపకంతో ఉన్నాడు. రాత్రి తల గోడకేసి బాదుకున్నాడని మర్నాడు తెలిసింది. జైలు డాక్టరు చూశాడు, కోలుకున్నాడు, అది వేరే సంగతి. ఆ తప్పు నాది.

అప్పటి నుంచి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాను. క్లాసు పొద్దునే, మధ్యాహ్నం మూడు దాటాక వద్దు. చిన్నతనం, తల్లి, పిల్లలు, చనిపోయినవాళ్ళు, వీటిలోకి నేనుగా తీసుకెళ్ళను. చివరి పది నిమిషాలు తేలిక మాటలే. సామెతలు పూరించమంటాను, పొడుపుకథలు వేస్తాను, నవ్వుతూ లేచేలా చూస్తాను. బయట మనం ‘మనసు విప్పి మాట్లాడండి’ అని తేలిగ్గా అంటాం. విప్పిన మనసుని మళ్ళీ మడతపెట్టుకునే చోటు అక్కడ లేదు. ఎవరైనా నిద్రపోవడం లేదని, చచ్చిపోవాలనుందని అంటే మీ దగ్గరే దాచుకోకండి. ఆ రోజే డాక్టరుకో సూపరింటెండెంటుకో చెప్పండి. అలా చెప్తానని మొదటి రోజే అందరికీ చెప్పి ఉంచండి.

ఇంకో విషయం, దీన్ని మీ అంశంలో భాగం కాదనుకోకండి. రెండో వారంలోనే ఎవరో ఒకరు “సార్, నాకు లాయరు లేడు” అంటారు. లాయరు లేనివాడి ముందు కూర్చుని ‘ఇప్పుడు మీ లోపలికి చూసుకోండి’ అంటే ఏం చూస్తాడు? 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ దీనికోసమే ఉంది, 15100 వాళ్ళ హెల్ప్‌లైను. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, దాని 479వ సెక్షన్ ఇంకోటి చెప్తుంది. ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే బాండు మీద విడుదల చేయాలి. మిగతావాళ్ళకి సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి ఇది వర్తించదు, ఒకటి కంటే ఎక్కువ కేసులున్నా చిక్కే. మీరు లాయరు కాదు, సలహాలివ్వకండి. ఇలాంటిది ఒకటుంది, అడగమని చెప్పి, న్యాయసేవ వలంటీరు ఏ రోజు వస్తాడో కనుక్కుని చెప్పండి చాలు. అర్జీ పెట్టుకోవడం ఎలాగో ఒక గంట నేర్పినా అది వ్యక్తిత్వ వికాసమే నా దృష్టిలో.

ధ్యానం గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు మీకు చెప్తారు. విపశ్యన సంగతి నిజమే. మన దేశంలో జైల్లో మొదటి శిబిరం 1975లో జైపూర్ సెంట్రల్ జైల్లో జరిగింది. పోలీసు అధికారిణి కిరణ్ బేడీ ఢిల్లీ తిహార్ జైలు చూసుకుంటున్న కాలంలో, 1993లో అక్కడ మొదలై, 1994 ఏప్రిల్‌లో వెయ్యిమందికి పైగా ఖైదీలతో విపశ్యన గురువు గోయెంకాగారు పదిరోజుల శిబిరం నడిపారు. ఆ తర్వాత తిహార్‌లోనే దానికి శాశ్వత కేంద్రం పెట్టారు. కూర్చుని వచ్చినవాళ్ళలో కొందరు నిజంగా నెమ్మదించడం నేనూ చూశాను. అయితే అది పది రోజుల మౌనం, వేరే వార్డు, శిక్షణ పొందిన గురువు, రాత్రీ పగలూ కనిపెట్టుకునే మనుషులు. అన్నీ ఉండి చేసేది. వారానికో గంట వెళ్ళే మనం ‘కళ్ళు మూసుకోండి, శ్వాస గమనించండి’ అని అదే ఫలితం రావాలనుకోకూడదు. పైగా, జైల్లో పదిమందిలో కళ్ళు మూసుకోవడం అందరికీ సుఖంగా ఉండదు. కొత్తగా వచ్చినవాడు కళ్ళు మూసుకోడు, మూయమనకండి. నేల చూడమంటే చాలు.

మహిళా జైలు సంగతి వేరేగా రాయాలి, ఇక్కడ కొంచెమే చెప్తాను. అక్కడ గొడవ చెయ్యెత్తడం గురించి కాదు. చాలామందికి ములాఖత్‌కి ఎవరూ రారు. భర్త లోపలుంటే భార్య వారం వారం క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది, భార్య లోపలుంటే రెండో నెల నుంచే రాక తగ్గిపోతుంది. ఆరేళ్ళలోపు పిల్లలు తల్లితోనే జైల్లో ఉండొచ్చు. సుప్రీంకోర్టు 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులోనే ఈ పిల్లల తిండి, చదువు, వైద్యం గురించి మార్గదర్శకాలిచ్చింది. ఆరేళ్ళు నిండిన రోజున బిడ్డని బయటికి పంపాలి. ఆ వారంలో ఆ తల్లికి మీరు ఏ క్లాసూ చెప్పలేరు. అక్కడ నేను నేర్పింది ఒక్కటే, ‘నాకు వద్దు’ అని పైకి అనడం. పప్పు వద్దు, ఆ పక్క పడుకోవడం వద్దు, ఈ కాగితం చదివించకుండా వేలిముద్ర వేయను, అని. చెప్పి చూడండి, నలభై ఏళ్ళ ఆడమనిషి ‘వద్దు’ అని గట్టిగా అనడానికి ఎన్ని వారాలు పడుతుందో.

వార్డర్లని మర్చిపోకండి. వాళ్ళకి మీరొక అదనపు పని. క్లాసు కోసం మనుషుల్ని బ్యారక్‌ల నుంచి తేవాలి, లెక్కపెట్టాలి, మళ్ళీ దింపాలి. తలుపు దగ్గర నిలబడి ముఖం ముడుచుకున్న హెడ్ వార్డర్‌ని మొదటి రోజే పేరు అడిగి, కుర్చీ వేయించి కూర్చోబెట్టండి. మా దగ్గర ఒకాయన ఆరు నెలలు అలాగే కూర్చుని, ఒక రోజు నేను ‘విసుగు’ రాస్తుంటే, “అది మాది టీచరమ్మా, వాళ్ళకివ్వకండి” అన్నాడు. నైట్ డ్యూటీల గురించి పావుగంట చెప్పాడు. ఖైదీలు అంత శ్రద్ధగా నా మాట ఎప్పుడూ వినలేదు.

క్లాసుకి ఎందుకొస్తారన్న అనుమానం కూడా పెట్టుకోకండి. హాల్లో ఫ్యాను బాగా తిరుగుతుందని వస్తారు, బ్యారక్ నుంచి ఒక గంట తప్పించుకోవచ్చని వస్తారు, హాజరు ఉంటే రెమిషన్‌కి, అంటే శిక్ష తగ్గింపుకి, పనికొస్తుందేమోనని వస్తారు. రానివ్వండి. బళ్ళో పిల్లలు మధ్యాహ్న భోజనానికి వచ్చేవాళ్ళు, చదువూ అబ్బింది కదా. మీరు మాత్రం ఆశలు పెట్టకండి. ‘సూపరింటెండెంటుగారితో మాట్లాడతాను’, ‘మీ ఇంటికి ఫోన్ చేసి చెప్తాను’, ‘ఈ ఉత్తరం పోస్టు చేస్తాను’, ఈ మూడు మాటలూ నోట రానివ్వకండి. అనుమతి లేకుండా ఒక చీటీ బయటికి తెచ్చినా జైళ్ళ చట్టం కింద నేరమే. ఎంత జాలేసినా సరే. మీ అనుమతి పోవడం చిన్న విషయం, వాడికి ములాఖత్ ఆపేస్తారు.

ఇక మారతారా అన్న ప్రశ్న. పదకొండేళ్ళలో నా దగ్గర ఎంతమంది కూర్చున్నారో నాకే లెక్క లేదు. విడుదలయ్యాక మళ్ళీ లోపలికి వచ్చినవాళ్ళు కనపడతారు, రానివాళ్ళు కనపడరు. అందుకని నా వల్ల ఇంతమంది మారారని నేనెప్పుడూ ఎక్కడా చెప్పలేదు, మీరూ మీ సంస్థ రిపోర్టులో రాయకండి. బయటికి వెళ్ళినవాడికి అద్దెకి గది దొరకడం, పని దొరకడం, పాత స్నేహితుడు మొదటి రోజే గేటు దగ్గర బండితో ఉండకపోవడం, ఇవన్నీ మన నాలుగు ప్రశ్నల కంటే బరువైనవి. తెలంగాణలో జైళ్ళశాఖ పెట్రోలు బంకులు పెట్టి వాటిలో ఖైదీలకి పని ఇవ్వడం, చర్లపల్లిలో వ్యవసాయ క్షేత్రంలో నమ్మకంగా ఉన్నవాళ్ళని గోడలు లేకుండా ఉంచడం, వీటిని నేను తక్కువ చేసి చూడను. నలుగురిలో తిరుగుతూ, డబ్బు లెక్క చూస్తూ, ఎవరో అరిస్తే తట్టుకుంటూ ఉండడం అక్కడ రోజూ నేర్చుకుంటారు. నా క్లాసులో వారానికి ఒక్క గంటే. మీ రిపోర్టులో ఏదో ఒకటి రాయాలి కాబట్టి, కోపం కాకుండా వేరే పేరు చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది అని లెక్కపెట్టుకోండి. అది మీ కళ్ళముందే తెలుస్తుంది, అబద్ధం ఆడక్కర్లేదు.

భయం గురించి. ఉంటుంది. పెద్ద గేటులో ఉన్న చిన్న తలుపులోంచి తల వంచి దూరి, వెనక గడియ పడ్డ చప్పుడు వినగానే నాకు కడుపులో ఇప్పటికీ ఏదో కదులుతుంది. ఖైదీల వల్ల నాకు ఇన్నేళ్ళలో ఒక్క చేదు అనుభవం లేదు. ‘టీచరమ్మ కూర్చోవాలి, కుర్చీ తుడవరా’ అనేవాళ్ళే. మిమ్మల్ని సార్ అంటారు, వద్దనకండి, ‘బ్రో’ అనిపించుకోవాలని చూడకండి. మరీ దూరంగానూ ఉండకండి. పేర్లు గుర్తుపెట్టుకోండి, నంబర్లు కాదు.

మొదటి రోజు పట్టుకెళ్ళేవి: అనుమతి కాగితం రెండు కాపీలు, గుర్తింపు కార్డు, విడి కాగితాలు, పెన్సిళ్ళు, సుద్దముక్కలు. ఫోను, పర్సు గేటు దగ్గరే ఇచ్చేయాలి. స్పైరల్ తీగ ఉన్న నోటుబుక్కులు వద్దు, పిన్నులు కొట్టిన కాగితాలు వద్దు. పెన్సిళ్ళు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. ఒకటి తగ్గితే ఎవరూ కదలడానికి లేదు.

మా దగ్గర ఒకసారి నలభై ఇస్తే ముప్పై తొమ్మిదే వచ్చాయి. హెడ్ వార్డర్ ముఖం మారింది. అందర్నీ నిలబెట్టి జేబులు చూశారు, చాపలు ఎత్తారు. నాకు చెమటలు, నోరు ఎండిపోయింది, ఎవరు తీశారో చెప్పండర్రా అని గొంతు పెంచాను కూడా. అప్పుడు ఆ ఆటో కుర్రాడు నా వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ, “టీచరమ్మా, ఒంట్లో ముందు ఎక్కడ తెలిసింది?” అని అడిగాడు. పెన్సిలు నా కొప్పులో ఉంది.